సగం మీసం శాసనం

ఒకానొక రాజ్యంలో మీసాలకు చెడ్డకాలం దాపురించింది. ఆ రాజ్యం సింగారికోట, రాజు ఉద్దండవర్మ. పొద్దున్నే ఇద్దరు సేవకులు ఆయన మీసాలకు నూనె రాసి మొనలు తిప్పితేగానీ సభ మొదలయ్యేది కాదు.

ఆ మహారాజు ఒక శాసనం చేశాడు. ఎవరైనా కొత్త పని మొదలుపెట్టి చెడగొట్టుకుంటే, నడిబజారులో సగం మీసం గొరిగించి ఊరినుంచి వెళ్లగొట్టాలి. ఇంకేముంది, ఏడేళ్లుగా కొత్త దుకాణం తెరిచినవాడు లేడు, కొత్త మగ్గం వేసినవాడు లేడు. ఉన్న నలుగురు వర్తకులు చెప్పిందే ధర. చేతిపని వచ్చినవాళ్లు పొరుగు రాజ్యాలకు దారిపట్టారు.

గాజుల కాశెన్న ఒక్కడే తెగించాడు. ఊరి చివర బట్టీ కట్టి రెండుసార్లు గాజులు చేశాడు. రెండుసార్లూ చల్లారుతూనే పగిలిపోయాయి. భటులు అతణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు.

"ఇంకొక్కసారి చూడనివ్వండి ప్రభూ! ఆ పెంకులనే మళ్లీ కరిగిస్తాను. ఈసారి నిదానంగా చల్లారుస్తాను" అని కాశెన్న కాళ్లమీద పడ్డాడు.

"చేతనైనవాడికి ఒక్కసారి చాలు. నేనెప్పుడైనా రెండో బాణం వేశానా?" అని రాజు మీసం మెలేశాడు.

ఆస్థానంలో తిప్పరుసు అనే చమత్కారి ఉన్నాడు. వర్తకుల ధర అందక అతని భార్య రెండేళ్లుగా కొత్త గాజులు వేసుకోలేదు. కాశెన్నను ఎలాగైనా కాపాడాలనుకున్నాడు. నవ్వుతూ లేచాడు.

"ప్రభువులే వీడికి నేర్పాలి. వంద అడుగుల దూరాన నిమ్మకాయ పెట్టిస్తాను. ఇంతవరకు ఎవరూ కొట్టలేదు గనక ఇదీ కొత్త పనే. ఒక్క బాణం! శాసనం అందరికీ ఒకటే కదా, పక్కన మన క్షురకుడు కొండప్ప ఉంటాడు. ఊరికే, మాటవరసకు."

సభ ముందు కాదనలేక రాజు "సరే" అన్నాడు.

మర్నాడు మైదానం నిండా జనం. రాజు విల్లెత్తాడు. పక్కనే కొండప్ప తోలుపట్టీ మీద కత్తి నూరుతున్నాడు, సర్రు సర్రుమని. రాజు నిమ్మకాయను చూశాడు, కత్తిని చూశాడు, విల్లు దించాడు.

"గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు.

గాలి ఆగింది. మళ్లీ ఎత్తాడు. నుదుటి చెమట మీసం మొనదాకా కారింది. మళ్లీ దించాడు.

"ఓయ్ తిప్పరుసూ! ముందు ఆ కత్తిని అవతలికి పంపించు. అది పక్కనుంటే ఎంతటివాడికైనా చెయ్యాడుతుందా?"

తిప్పరుసు చేతులు జోడించాడు. "ఆడదు ప్రభూ. మీకే ఆడకపోతే కాశెన్నకేం ఆడుతుంది? ఏడేళ్లుగా ఈ రాజ్యంలో ప్రతివాడి పక్కనా ఆ కత్తే ఉంది. వాళ్లు చేతకానివాళ్లు కారు. మీలాగే విల్లు దించేశారు."

రాజు ముఖం ఎర్రబడింది. అంతలో తను దించిన విల్లు వంక చూసుకుని, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. కొండప్పను ఇంటికి పంపేశాడు. మొదటి బాణం పొదల్లోకి పోయింది. రెండోది ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. మూడోది నిమ్మకాయను రెండు చెక్కలు చేసింది.

"మూడోసారికి కొట్టాను! కాశెన్నా, నీ మూడోసారి నీకిచ్చాను పో!" అని రాజు అక్కడికక్కడే శాసనపత్రం తెప్పించి చింపేశాడు.

ఈసారి కాశెన్న గాజులను వేడి బూడిదలో మూడు రోజులు ఉంచాడు. ఒక్కటీ పగల్లేదు! ఆ బట్టీ వెంట కట్టెలవాళ్లు వచ్చారు, గాజులు చుట్టడానికి గడ్డి అమ్మేవాళ్లు వచ్చారు, బళ్లవాళ్లు వచ్చారు, వాళ్లందరికీ అట్లు పోసే అవ్వ వచ్చింది. వలసపోయినవాళ్లు తిరిగొచ్చి పక్కనే మగ్గాలు వేశారు. ఏడాది తిరిగేసరికి అదో పెద్ద బజారు. వర్తకులు నోరు మూసుకుని ధర దించారు.

రాజు తిప్పరుసు చేతికి బంగారు కడియం తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"కొండప్ప నూరిన ఆ కత్తి ఇప్పించండి ప్రభూ."

రాజు మళ్లీ పడీపడీ నవ్వి ఇప్పించాడు. తిప్పరుసు భార్య దాన్ని శుభ్రంగా కడిగి, ఆకుపచ్చ గాజులు గలగలలాడిస్తూ రోజూ దాంతోనే బెండకాయలు తరిగేదట.