మూల కుట్టని బొంత

అనగా అనగా, కొండకి ఇటువైపు ఒక ఊరు. ఆ ఊరికి ఒక కోట, కోటకి ఒక రాజు. దుప్పటి లాక్కోవడం ఆపి దగ్గరికి జరగండి. ఊ కొట్టనివాళ్ళకి కథ సగంలో ఆపేస్తాను, తర్వాత నన్ను సాధించి లాభం లేదు.

ఆ రాజుకి ఏనుగుల పిచ్చి లేదు, వేట పిచ్చి లేదు. బొంతల పిచ్చి. ఏటా కోతలయ్యాక చాటింపు వేయించేవాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా తాము కుట్టిన బొంతలు తెచ్చి కోటగోడ పొడుగునా వేలాడదీసేవాళ్ళు. ఎరుపూ పసుపూ, చుక్కా చారా, చిలకా చేపా... ఆ వేళ గోడ కనబడేది కాదు. రాజు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. ప్రతిదీ ముట్టుకునేవాడు, తిరగేసి వెనక కుట్టు చూసేవాడు. అన్నిట్లోకీ మనసుకి పట్టినదాన్ని ఎంచి, కుట్టినావిడకి బంగారు కడియం ఇచ్చేవాడు. బొంతనేమో గంధపు పెట్టెలో వేపాకేసి పడుకోబెట్టి తాళం వేసేవాడు. ఇక ఆ బొంతకి వెలుగు లేదు, మనిషి లేడు.

చెడ్డవాడు కాడు పాపం. ఇష్టమైనదాన్ని తాళం పెట్టి దాచుకోవడమే ప్రేమ అనుకునే రకం. అలాంటివాళ్ళు కోటల్లోనే ఉండక్కర్లేదు, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది.

ఆ ఊళ్ళోనే తవిటమ్మ అని ఒక కోడలు. ఆమెకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని, పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటావిడ చేతికిచ్చి, మళ్ళీ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నారు. అందుకని ఆ పేరు. నవ్వకండి. కన్నవాళ్ళ భయం ఎవరికీ నవ్వులాట కాకూడదు.

తవిటమ్మ అత్త పేరు సూరమ్మ. ముసలావిడకి చూపు పోయింది. కానీ కళ్ళు పోకముందు నుంచీ కుడుతున్న బొంత ఒకటుంది. పొద్దువాలాక దాన్ని ఒళ్ళో వేసుకుని వేళ్ళతో చదువుకునేది. ఇది మా నాన్న తలపాగా. ఇది నా పెళ్ళి చీర కొంగు. ఇది పోయిన పెద్దోడి పొత్తిగుడ్డ. ఇది మా ఆయన పంచె, ఇదిగో చుట్ట కాలిన చిల్లు. అలా ఒక్కొక్క ముక్కా తడిమి, అందరినీ పలకరించి, అప్పుడు అన్నం తినేది.

వాళ్ళింట్లో ఒక ఆచారం. బొంతకి మూడు మూలలే కుడతారు. నాలుగో మూల జానెడు మేర వదిలేస్తారు. ఇంట్లో బిడ్డ పుడితే ఆ బిడ్డ గుడ్డ, పెద్దవాళ్ళు పోతే వాళ్ళ గుడ్డ, ఆ మూలలోంచే వచ్చి చేరాలి. మూల మూస్తే, మా ఇంటికి ఇక వచ్చేవాళ్ళు లేరని మనమే చెప్పినట్టు. ఊ కొడుతున్నారా, లేక పైకప్పుకి చెబుతున్నానా?

సూరమ్మ కొడుకు గవరయ్య మంచివాడు. మంచివాడంటే, ఆలోచించే పని పెళ్ళానికి వదిలేసినవాడు. ఆ ఏడు తవిటమ్మ బట్టలు ఉతకడానికి ఏటికి వెళ్ళిన పూట, అమ్మ నిద్రలో ఉండగా, బొంత భుజాన వేసుకుని తిన్నగా కోటగోడకి కట్టొచ్చాడు. అమ్మ పేరు ఊరంతా చెప్పుకోవాలని ఆశ. ఇంకేముంది, రాజు ఆ బొంత దగ్గరే ఆగిపోయాడు.

గవరయ్య పొంగిపోతూ కడియం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, చల్లగా ఉంది, ఏమిటిరా ఇది అంది. తర్వాత పక్కకి చెయ్యి చాపింది. బొంతేదిరా అంది.

ఆవిడ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం ముట్టలేదు. చేతులు మాత్రం చాప మీద తడుముతూనే ఉన్నాయి. చివరికి కోడలితో అందట, ఒసే తవిటీ, నాకు పెద్దోణ్ణి మర్చిపోతానేమోనని భయంగా ఉందే, అని.

ఆ మాటకి తవిటమ్మ కడియం కొంగున ముడేసుకుని కోటకి బయల్దేరింది. కావలివాణ్ణి అడిగితే, తలుపు నాది గానీ తాళం నాది కాదన్నాడు. పెట్టెలుంచే కొట్టువాణ్ణి అడిగితే, తాళం నాది గానీ మాట నాది కాదన్నాడు. మంత్రిని అడిగితే, మాట నాది గానీ మనసు నాది కాదన్నాడు. అయితే ఆ మనసున్నాయన ఎక్కడో చూపించండి, మీ తలుపులూ తాళాలూ మీరే ఉంచుకోండి అంది. రాజు దగ్గరికి పంపక తప్పలేదు.

ఆయన మర్యాదగానే విన్నాడు. నీకు దిగులెందుకమ్మా, ఇంట్లో ఉంటే ఎలకలు కొట్టేస్తాయి, ఇక్కడైతే మీ మునిమనవల దాకా ఉంటుంది అన్నాడు. పైగా పెట్టె తెరిపించి మురిపెంగా చూపించాడు. చూడు, పాపం ముసలావిడకి కనబడక ఒక మూల వదిలేసింది, మా దర్జీ చేత జరీదారంతో కుట్టించేశాను, అన్నాడు.

తవిటమ్మ ఆ మూల తడిమి చూసింది. జానెడు మేరా మూసుకుపోయింది. అప్పటికి ఆమె నీళ్ళోసుకుని ఉంది, అత్తకి కూడా ఇంకా చెప్పలేదు. చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది.

"మారాజా, మీరు దాచింది బొంతని కాదు. మా గుమ్మానికి అడ్డంగా గోడ కట్టారు," అంది.

ఆచారమంతా చెప్పింది. వెంటనే ఆ కుట్లు విప్పమన్నాడు రాజు. దర్జీ కత్తెర తీశాడు. కత్తెర పడకూడదు, మూయమన్నవాళ్ళే ఊడదీయాలి అంది తవిటమ్మ. రాజు నేలమీద కూర్చుని, సూదిమొనతో ఒక్కొక్క కుట్టే లాగాడు. జరీ గట్టిది, గుడ్డ పాతది. ఎంత నెమ్మదిగా లాగినా చివర్న పర్రున చిరిగింది. చిరిగింది పెద్దోడి పొత్తిగుడ్డ పక్కనే.

రాజు గబగబా తన పట్టు కండువా తీసి, ఇందులోంచి అతుకు వెయ్యమ్మా అన్నాడు. కొత్త గుడ్డ పాతగుడ్డని బతకనివ్వదయ్యా, లాగి మళ్ళీ చింపుతుంది, ఒంటికి అలవాటుపడి మెత్తబడ్డ గుడ్డ తెప్పించండి అంది. కోటంతా వెతికారు. దొరకలేదు. రాజు కట్టిన బట్ట మళ్ళీ కట్టడు కదా, ఏ పూటకి ఆ పూట దానమే. ఉన్నవల్లా వంటింటి మసిగుడ్డలు.

అంతదాకా మండిపడుతున్న తవిటమ్మకి అప్పుడు జాలేసింది. "ఇంత కోటలో, నాది అనుకునే గుడ్డపేలిక ఒక్కటి లేదా నాయనా," అంది. ఒక్క కండువానే రోజూ వేసుకోండి, ఎండకి తిరగండి, చెమట తుడుచుకోండి, ఉతికి ఆరేసి మళ్ళీ అదే వేసుకోండి, మెత్తబడ్డాక తీసుకురండి అని చెప్పి, కడియం పెట్టెలో పెట్టేసి, బొంత ఎత్తుకుని ఇంటికొచ్చింది. ఎవరూ ఆపలేదు.

సూరమ్మ బొంతంతా తడుముకుంది. నాన్న తలపాగా ఉంది, పెళ్ళి కొంగు ఉంది, పెద్దోడు ఉన్నాడు. చిరుగు దగ్గర వేళ్ళు ఆగాయి. ఇదేమిటే అంది. "ఒక చుట్టం రావాలత్తా, చోటుంచాను," అంది తవిటమ్మ. అత్త చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. "మూల దగ్గరికి ఇంకొకరు కూడా వస్తున్నారు." ముసలావిడ ఆ పూట రెండోసారి వడ్డించుకుని తింది.

మళ్ళీ కోతలయ్యాయి. రాజుగారు ఒకటే కండువాతో తిరుగుతుంటే, ఖజానా ఖాళీ అయిందేమోనని మంత్రి కంగారుపడ్డాడట. ఒకనాడు పల్లకీ లేకుండా నడిచొచ్చి, సూరమ్మ అరుగుమీద కూర్చుని, కండువా అంచు చింపి చేతిలో పెట్టాడు. ఆవిడ నలిపి చూసింది, వాసన చూసింది. "చెమట పట్టిన గుడ్డే. ఎవరబ్బాయివి బాబూ?" అంది. రాజు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాడు. తవిటమ్మ కూతురి పొత్తిగుడ్డా, ఆ అంచూ ఒక్కరోజే బొంతలో చేరాయి.

గంధపు పెట్టెలన్నీ తెరిచి, ఎవరి బొంతలు వాళ్ళకి పంపించేశాడు. ఆ తర్వాత కూడా ఏటా గోడమీద వేలాడదీసేవాళ్ళు, పొద్దువాలితే మడతపెట్టి ఇళ్ళకి తీసుకెళ్ళేవాళ్ళు. బొంతకి గోడమీద ఒక పూట చాలు, మిగతా బతుకంతా మనుషుల మీదే. ప్రేమా అంతే, వాడుకుంటేనే మెత్తబడుతుంది.

సూరమ్మ మాత్రం పోయేదాకా రోజూ అలాగే చదువుకుందట. ఇది మా నాన్న తలపాగా, ఇది నా పెళ్ళి కొంగు, ఇది పెద్దోడి పొత్తిగుడ్డ. ఇది ఆ పేరు చెప్పని అబ్బాయిది, ఎక్కడున్నాడో, చల్లగా ఉండాలి, అని.

కథ కంచి దారి పట్టింది. మనం నిద్ర దారి పడదాం.