చెడిపోని డిస్కు

కాశింసాయిబు తాత పాడిన తత్వాలు రెండువందల పన్నెండు. వన్నూరప్ప తొమ్మిదేళ్లుగా ఆదివారం ఆదివారం తాత ఉండే మఠానికి వచ్చి, ఆయన ఎదుట కూర్చుని, అన్నీ రికార్డు చేసి అక్కడి కంప్యూటర్లో దాచాడు. ఇప్పుడా కంప్యూటర్లోని హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటోంది. కొత్తది వేసి తత్వాలను అందులోకి మార్చకపోతే ఏదో ఒక పొద్దున అన్నీ ఒక్కసారే పోతాయి. ఈ సంగతి అతనికి తెలియనిది కాదు. గుంతకల్లులో పిల్లలకు కంప్యూటర్లు నేర్పే అయ్యవారు మరి.

అయినా నెల రోజులుగా డిస్కు కొనలేదు. లోపల చక్రం తిరిగే రకంలో చోటు ఎక్కువ, కానీ అదీ ఒకనాటికి టిక్కుమనేదే. చక్రం లేని రకం చురుకైనది, కానీ పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుందట. చదివినకొద్దీ భయం పెరిగింది. పెళ్లిసంబంధాలు చూసేవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టరు. తన ఇంటికైతే ఏదో ఒకటి కొని పడేసేవాడే. తాత గొంతు ఉండే చోటు కదా, ఎన్నటికీ చెడిపోనిదే కావాలని అతని పట్టు.

ఆ ఆదివారం పొద్దున్నే తాత దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తాత వసారాలో, మఠంలో వంట చేసే ఓబులమ్మతో కలిసి చెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఏంరా వన్నూరూ, మొగం అట్ల పెట్టినావు?"

"డిస్కు సంగతి తెగడం లేదు తాతా. ఎంత మంచిదైనా ఐదేండ్లకే గ్యారంటీ అంటున్నారు."

"ఐదేండ్లా!" తాత పకపకా నవ్వాడు. "నాకు ఐదు దినాలకు గూడా ఎవురూ రాసియ్యలేదు కదరా."

వన్నూరప్పకు నవ్వు రాలేదు. "నీ మాట ఒక్కటి గూడా పోనియ్యకుండా పెట్టినా తాతా. అది పోతే నేను తట్టుకోలేను," అన్నాడు.

తాత చెనక్కాయలు పక్కన పెట్టాడు. "సరే. ఆ తొమ్మిది వాకిళ్లది పాడు, విందాం."

వన్నూరప్ప గొంతు సవరించుకున్నాడు.

"తొమ్మిది వాకిళ్ల ఇంటికి తాళమేల వేసేవు..."

అక్కడికి ఆగిపోయాడు. ఆ తత్వాన్ని నాలుగుసార్లు రికార్డు చేశాడు, గాలి చప్పుడు పడిందని ఒకసారి, దగ్గు పడిందని ఒకసారి. ఎంత తడుముకున్నా తరువాతి మాట నోటికి రాలేదు.

"ఉండు తాతా, కంప్యూటర్లో చూసొస్తా," అని లోపలికి తిరిగాడు.

ఓబులమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తాత ఆమె వైపు చూసి తలూపాడు. ఆమె ఒలుస్తున్న చేయి ఆపకుండానే అందుకుంది.

"ఉండేవాడు ఉండేదాకా ఉండిపోడా ఓరన్నా..."

వాకిట్లో తన ఆటో తుడుస్తున్న శిష్యుడు చిన్నమస్తాను గుడ్డ భుజాన వేసుకుని, రెండో చరణం ఎత్తుకున్నాడు. రాగం ఎటో పోయింది. చరణం మాత్రం చివరిదాకా వచ్చింది.

"చూస్తివా!" తాత తొడ చరిచాడు. "రాగం తప్పినాడు గానీ, మాట తప్పలేదు నా కొడుకు!"

చిన్నమస్తాను పతకం దొరికినవాడిలా మళ్లీ తుడవడానికి పోయాడు. వన్నూరప్పకు సిగ్గేసింది. తొమ్మిదేళ్లు అంత దగ్గర కూర్చున్నది తనే. ఆ సిగ్గులోనే, నెల రోజుల తర్వాత మొదటిసారి, నవ్వు కూడా వచ్చింది.

"మరి ఏ డిస్కు తేవల్ల తాతా?"

"యాదైనా తే. ఒకటి గాదు, రొండు తే. ఒకటి పోతే ఇంకోటి ఉంటాది."

వన్నూరప్ప సంచీ భుజాన తగిలించుకున్నాడు.

"యాడికిరా?"

"అనంతపురం, తాతా. ఇప్పుడే పోయి తెస్తా."

"బస్సు పదకొండుకు," అన్నాడు తాత, పక్కన చాప సర్దుతూ. "అంతలోపల ఒక చరణం నోటికి వస్తాది. కూర్చో."