నాయనమ్మ వాడిన యుద్ధపు మాట

ఏదైనా మాటకి అర్థం అడిగితే పేరి జోగయ్య పంతులుగారు వెంటనే చెప్పేవారు కారు. ఆ మాట పలికే మనుషుల దగ్గరికి శిష్యుణ్ణి తీసుకుపోయి నిలబెట్టేవారు. కళ్ళం అంటే ఏమిటని అడిగిన పాపానికి డాక్టరు మక్రే ఒక పూటంతా ఎండలో గడ్డి మోయాల్సి వచ్చింది. భీమునిపట్నానికి ఎగువనున్న ఓ పల్లెలో ఆసుపత్రి నడిపే ఆ స్కాట్లాండు దొరకి మొదట్లో ఈ పద్ధతి చిరాకు పుట్టించింది. తర్వాత అదే వ్యసనమైంది.

ఒకరోజు పొద్దున్నే మక్రే టోపీ కూడా లేకుండా పంతులుగారి అరుగు మీదికి పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"పంతులుగారూ, ఒక వింత కనిపెట్టాను! మీ సేద అనే మాట ఒంటరిగా ఎక్కడా వినపడదు. సేద తీరింది అంటారు, సేద తీర్చుకో అంటారు. తీరేటప్పుడే దాని పేరెత్తుతారు. ఉన్నంతసేపూ ఎవరూ తలవరు!"

పంతులుగారు ఉత్తరీయం సర్దుకుంటూ నవ్వారు. ఆ నవ్వు చూసి మక్రేకి ఉత్సాహం రెట్టింపైంది. తమ దేశపు మాట ఒకటుందన్నాడు. ఫర్‌ఫాఖన్. అదీ అలసటే. పూర్వం కత్తి పట్టి పోరాడి పోరాడి సత్తువంతా హరించుకుపోయినవాణ్ణి అలా అనేవారు. మాటలోనే పోరాటం ఉంది. రానురాను పొలం దున్నినవాడూ, సంతకి నడిచినవాడూ కూడా ఆ మాటే అనడం మొదలుపెట్టారు.

"మా నాయనమ్మ తొట్టిలో దిగి కంబళ్ళు కాళ్ళతో తొక్కి ఉతికేది. ఉతికి వచ్చి కూలబడి, ఫర్‌ఫాఖన్ అనేది. నేను నవ్వేవాణ్ణి. ఏ యుద్ధం గెలిచొచ్చావే అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు దాన్ని తెలుగులో పెట్టాలి. రణంలో అలసినవాడి మాట వెతకనా, చాకిరీలో అలసినదాని మాట వెతకనా? మీరే చెప్పండి, యుద్ధపు మాట వంటింట్లోకి వస్తే చౌకబారిపోయినట్టు కాదా?"

పంతులుగారు జవాబు చెప్పేలోపే సముద్రం వైపు నుంచి కేకలు వినిపించాయి. వీధిలో జనం పరిగెడుతున్నారు. గాలి ఉన్నట్టుండి తిరిగింది. వేటనుంచి వస్తున్న నావ ఒకటి ఒడ్డుకి కాస్త దూరంలో, కెరటాలు విరిగేచోట చిక్కుకుంది. చుక్కాని విరిగిపోయింది. అందులో ముగ్గురున్నారు.

"పదండి డాక్టరుగారూ!" అన్నారు పంతులుగారు. ఆయన అప్పటికే మెట్లు దిగేశారు.

ఇద్దరూ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తారు. ఒడ్డున పోలయ్య అనే ఈతగాడు మోకు కొస నడుముకి కట్టుకుని నీళ్ళలోకి దూకాడు. కెరటం వాణ్ణి వెనక్కి విసిరింది. మళ్ళీ దూకాడు. ఈసారి నల్లటి తల ఒకటి నురగ అవతల తేలింది. ఒడ్డంతా ఒక్క గొంతుతో అరిచింది. వాడు నావ అంచు పట్టుకుని తాడు ముడేసి చెయ్యెత్తాడు.

"లాగండ్రా!" అని అరిచింది మోకుకి అందరికన్నా ముందు నిలబడ్డ మసేనమ్మ. నావలో ఉన్న ఎల్లాజీ ఆమె పెనిమిటి. "ఒగ్గీకండి! నా పానం ఆ నావలోనే ఉంది!"

హైలెస్సా అని జనం అందుకున్నారు. మక్రే చొక్కా చేతులు పైకి మడిచి ఆమె వెనక తాడు పట్టుకున్నాడు. అతని వెనక పంతులుగారు పంచె ఎగ్గట్టి నిలబడ్డారు. కెరటం లాక్కున్నప్పుడల్లా వరసంతా ముందుకి ఈడ్చుకుపోయేది. కెరటం వదిలినప్పుడు అందరూ మడమలు ఇసుకలో పాతి వెనక్కి వాలేవాళ్ళు. అరచేతుల్లో చర్మం లేచిపోతున్నా మక్రేకి తెలియలేదు. తానూ హైలెస్సా అని అరుస్తున్నానన్న సంగతి గొంతు బొంగురుపోయాక గాని గుర్తించలేదు. ఎదుట మసేనమ్మ భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ భుజాలు ఒక్కసారి కూడా సడలలేదు.

ఒక పెద్ద కెరటం నావని ఎత్తి పక్కకి పడేసింది. ఇద్దరు తాడు పట్టుకుని వేలాడారు; జనం వాళ్ళని ఒడ్డుకి లాగేశారు. మూడోవాడు కనిపించలేదు. మసేనమ్మ తాడు వెనకవాళ్ళకి వదిలి నేరుగా నీళ్ళలోకి నడిచింది. పోలయ్య మునిగి, తేలి, మళ్ళీ మునిగి, జుట్టు పట్టుకుని ఒక మనిషిని పైకి లాగాడు. అతనూ మసేనమ్మా కలిసి ఆ మనిషిని ఒడ్డుకి ఈడ్చారు.

ఎల్లాజీకి ఊపిరి లేదు. మక్రే అతన్ని బోర్లా తిప్పి వీపు మీద అదిమాడు. నీళ్ళు వచ్చాయి. మళ్ళీ అదిమాడు. ఎంతసేపటికీ చలనం లేదు. "రా, రా" అని మక్రే తన భాషలో, తెలుగులో, ఏ భాషో తెలియని గొంతుతో గొణుగుతూ అదుముతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఎల్లాజీ దగ్గాడు. ఉప్పునీళ్ళు కక్కి, ఒక్కసారిగా గాలి పీల్చాడు.

ఒడ్డు దద్దరిల్లిపోయింది. ఎవరో డాక్టరుని ఎత్తుకున్నారు. ఎవరో పంతులుగారిని కావలించుకున్నారు. దింపగానే మక్రే ఇసుకలో వెల్లకిలా పడిపోయాడు. నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే, ఆకాశంకేసి చూస్తూ, "ఫర్‌ఫాఖన్" అన్నాడు. పక్కన పోలయ్య పడున్నాడు. పిల్లా పెద్దా ఎక్కడివాళ్ళక్కడే కూలబడ్డారు. పంతులుగారు కూడా పంచె తడిసిపోయిన సంగతి పట్టించుకోకుండా చతికిలబడ్డారు.

మసేనమ్మ ఒక్కతే లేచింది. చీర పిండుకుని, మొగుడి తల తుడిచి, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"కాసేపు కూర్చోమ్మా!" అన్నాడు మక్రే మోచేతి మీద లేస్తూ. "నువ్వూ అలసిపోయావు కదా?"

"రేతిరి నుంచీ ఈ ముగ్గురి కడుపులూ కాళీ, బాబూ. నాను కూకుంటే అంబలెవులు కాస్తారు?" అంటూ ఆమె మొగుణ్ణి నడిపించుకుని ఇళ్ళవైపు వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ తూలుకుంటూ ఆమె వెంట నడిచారు.

మక్రే వాళ్ళని చాలాసేపు చూశాడు.

పంతులుగారు ఇసుక దులుపుకుంటూ లేచి నిలబడ్డారు.

"డాక్టరుగారూ, వంటింట్లోకి వస్తే మాట చౌకబారదా అన్నారు కదా. మీ దేశంలో ఆ కత్తి పట్టినవాళ్ళు యుద్ధం ముగిసి ఇంటికొచ్చాక, వాళ్ళకి అంబలి ఎవరు కాసేవారు?"