భూషణం గారి నిరాహార దీక్ష

నల్లమల అంచున రేగుమానుపల్లెలో మస్తానయ్య అనే ఆసామికి దున్నపోతుల దొడ్డి ఉండేది. పాడి గేదెలున్న వాళ్ళు మాకెందుకని వదిలించుకునే మగదూడల్ని అతను కొని తెచ్చి, మేపి, ఎదిగాక సంతలో మాంసానికి అమ్ముకునేవాడు. సంతకు వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఆ సంగతి దొడ్డిలో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఉన్నన్నాళ్ళు కడుపునిండా తినాలన్నదే అక్కడివాళ్ళ వేదాంతం.

ఆ వేదాంతాన్ని అందరికన్నా బాగా ఒంటబట్టించుకున్నవాడు బుంగడు. తన తొట్టి నాకేసి, పక్కవాడి తొట్టిలో మూతి పెట్టి, "నీకు ఎక్కువైపోతుందేమోనని చూస్తున్నా" అనేవాడు.

దొడ్డిలో అమ్మకానికి లేనివాడు ఒక్కడే, బండి లాగే ముసలి దున్న. పేరు నిదానం. ఏదైనా అడిగితే ఓసారి నెమరు వేసుకుని గానీ జవాబు చెప్పేవాడు కాదు. కుర్ర దున్నలంతా ఆయన్ని మావా అని పిలిచేవాళ్ళు. కాపలాకి జవాను అనే కుక్క ఉండేవాడు. కబుర్లకి తెల్లమ్మ అనే కొంగ ఉండేది. ఆవిడ దున్నల వీపులమీద తిరుగుతూ జోరీగల్ని ఏరుకు తినేది, ఊళ్ళో విన్న మాటల్ని విన్నట్టు మోసుకొచ్చేది.

దొడ్డి మూలన ఉన్న దాణా గది కింద భూషణం గారి కాపురం. ఆయన పందికొక్కు. నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకునేది. సర్కారు సగం ధర తను భరించి రైతులకు దాణా బస్తాలు ఇప్పించడం మొదలుపెట్టిన కొత్తల్లో ఆయన ఇక్కడికి చేరారు. బస్తాలు వచ్చాక మస్తానయ్య దున్నల్ని కొండవారకి తోలడం మానేశాడు. తిండి ఇంటికే వస్తుంటే ఎండలో వాటి వెనక తిరగడం దేనికని.

ఒక పొద్దున తెల్లమ్మ ఎగురుకుంటూ వచ్చి నిదానం వీపుమీద వాలింది.

"విన్నారటయ్యా, దాణా మీద సబ్సిడీ ఎత్తేశారు."

"ఎత్తేయడమంటే, పెంచారా?" అన్నాడు బుంగడు ఆశగా.

"తీసేశారు నాయనా. ఇకనుంచి బస్తాకి పూర్తి ధర పెట్టాలి. మస్తానయ్య పెట్టలేడట. అందర్నీ ఒక్కసారే సంతకు తోలేసి, దొడ్డి మూసేసి, టౌనుకు పోయి వాచ్‌మన్ పనిలో చేరతానని ఈశ్వరమ్మతో చెబుతున్నాడు."

తొట్ల దగ్గర నమిలే చప్పుడు ఆగిపోయింది.

"అందర్నీ అంటే, బండి లాగే మావని కూడానా?" అని అడిగాడు జవాను.

"దొడ్డే లేకపోతే బండి దేనికి? కాపలా మాత్రం దేనికి?"

జవాను నిలబడ్డవాడల్లా కూర్చున్నాడు.

నిదానం నెమరు ముగించి అడిగాడు. "సబ్సిడీ ఉన్నన్నాళ్ళు ఆయనకి ఏమన్నా మిగిలిందా తెల్లమ్మా?"

"ఏం మిగులుతుంది? సర్కారు సగం భరిస్తానన్న నెలలోనే దుకాణంవాడు ధర పెంచేశాడు. పైగా నెలంతా రావలసిన బస్తాలు మధ్యలోనే ఎలా అయిపోతున్నాయో అర్థం కాక మస్తానయ్య తల పట్టుకుంటాడు."

అందరూ బుంగడి వైపు తిరిగారు.

"నా వంక చూడకండి" అన్నాడు బుంగడు. "నేను తినేది తొట్టిలోదే. ఆ గది తలుపులో నేను పట్టను."

అప్పుడు దాణా గది కిందనుంచి భూషణం గారు బయటికొచ్చారు. మీసాలకంటిన తవుడు దులుపుకుని, గొంతు సవరించుకున్నారు.

"నాయనలారా, ఈ వార్త విన్నప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. మీరు చేతులు ముడుచుకుని కూర్చుంటే మిమ్మల్ని పట్టించుకునే నాథుడు ఉండడు. నిరాహార దీక్ష చేయండి. రేపు పొద్దున ఎవరూ లేవొద్దు, ఏం పెట్టినా ముట్టొద్దు. డొక్కలు లోపలికి లాక్కుని పడుకోండి. పశువుల డాక్టరు వస్తాడు, మిమ్మల్ని చూసి కరిగిపోతాడు, పైవాళ్ళకి చెప్పి సబ్సిడీ మళ్ళీ ఇప్పిస్తాడు. మస్తానయ్య దొడ్డి మూయడు, మీరు సంతకు పోరు."

కుర్రాళ్ళకి ఈ మాట బాగా నచ్చింది. నిదానం మాత్రం, "కొండవారన గడ్డి ఉంది కదా. బండితో పోతూ చూస్తుంటాను. మోకాలెత్తు పెరిగి ఎవరూ మేయక ఊరికే ఎండిపోతోంది" అన్నాడు.

భూషణం గారు కంగారుపడ్డారు. "గడ్డి మాట ఎత్తకు మావా. మీరు గడ్డి మేశారంటే, గడ్డితో బతుకుతున్నారు కదా, దాణా దేనికంటారు. ఒక్క పరక కొరికినా మన కేసు పోయినట్టే."

"మా గొడవతో మీకేం పని భూషణం గారూ?"

"పొరుగువాణ్ణి. పొరుగువాడి పొట్ట కాలుతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు నేను."

మర్నాడు పొద్దున మస్తానయ్య వచ్చేసరికి దొడ్డంతా పడుకుని ఉంది. జొన్న చొప్ప తెచ్చి వేశాడు. ఒక్కరూ మూతి తిప్పలేదు. గాలికుంటు రోగమేమోనని భయపడి గిట్టలు చూశాడు, నోళ్ళు తెరిచి చూశాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే పక్క మండలంలో ఉన్నాను, సాయంత్రానికి వస్తానన్నాడు. ఈశ్వరమ్మ వచ్చి ఒక్కో దున్న మొహంలోకీ తేరిపారజూసింది.

"రోగం కాదయ్యా. అలిగినట్టున్నాయి."

"దున్నపోతులు అలుగుతాయా ఎక్కడైనా?"

"నువ్వు అలగడం లేదూ" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఎండెక్కే కొద్దీ దీక్ష కష్టమైంది. బుంగడు కళ్ళు మూసుకుంటే చొప్ప కనిపిస్తోంది, తెరిస్తే ఎదురుగా నిజం చొప్పే కనిపిస్తోంది. తల తిప్పి దాణా గది వైపు పడుకున్నాడు. కాసేపటికి చెవులు రిక్కించాడు.

"మావా, కరకరమని చప్పుడు నాకేనా, నీకూ వినిపిస్తోందా?"

"నాకూ వినిపిస్తోంది."

"ఆకలేస్తే చెవుల్లో గుయ్యిమంటుందని విన్నాను. కరకరలాడుతుందని ఎవరూ చెప్పలేదే."

నిదానం నెమరు వేద్దామంటే కడుపులో ఏమీ లేదు. అందుకని ఆ రోజు కాస్త తొందరగానే ఆలోచించాడు. తెల్లమ్మని పంపి భూషణం గారిని పిలిపించాడు.

ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చారు. "ఏం మావా, దీక్ష ఎలా సాగుతోంది?"

"బాగా సాగుతోందయ్యా. ఒకటే లోటు. సాయంత్రం డాక్టరు వచ్చి మీ నాయకుడు ఎవరని అడుగుతాడు. కలుగులో ఉన్నాడని చెబితే ఏం బాగుంటుంది? మీరు వచ్చి నడిమధ్యన కూర్చుంటే ఆ నిండుతనమే వేరు."

"నాకు కూర్చోవాలనే ఉంది" అన్నారు భూషణం గారు. "ఒంట్లో శక్తి చాలదు. నా శరీర తత్వమే సున్నితం."

"ముద్ద దిగడం లేదని నిన్ననే అన్నారు కదా" అన్నాడు బుంగడు. "ఎటూ తినని మనిషి ఎక్కడ కూర్చుంటే ఏమైంది?"

నిజమే, నిజమే అన్నారు కుర్రాళ్ళంతా. జవాను లేచొచ్చి భూషణం గారి పక్కన నిలబడ్డాడు. "పిల్లులు గిల్లులు వస్తాయని మీరేం భయపడకండి. నేనిక్కణ్ణుంచి కదలను. మీరు లేచినా మీతోనే లేస్తాను."

భూషణం గారు జవాను కోరల వంక చూశారు. చూసి, దొడ్డి నడిమధ్యన కూర్చున్నారు.

ఎండ నడినెత్తికొచ్చింది. భూషణం గారి పొట్ట మొదట మూలిగింది, తర్వాత గట్టిగానే మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆయన అటూ ఇటూ సర్దుకున్నారు.

"నాయనలారా, పట్టుదల మంచిదే గానీ మరీ పనికిరాదు. నేను చర్చలకి సిద్ధం."

"ఎవరితో?" అన్నాడు నిదానం.

"ఎవరితోనైనా."

"ఎవరూ పిలవలేదు కదయ్యా. కూర్చోండి."

ఇంతలో దాణా గది కిందనుంచి ఆయన భార్య కనకాంగి తల బయటపెట్టింది. వెలుతురులో ఆవిడకి కళ్ళు సరిగా కనబడవు. ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండానే కేకేసింది.

"ఏవండీ, భోజనానికి రారేం? పాత బస్తా అడుగంటింది. తవుడు బస్తా కొరకమంటారా, వేరుశనగ చెక్కది కొరకమంటారా? మీ తమ్ముళ్ళు నలుగురూ పెళ్ళాం పిల్లలతో దిగారు. సబ్సిడీ మళ్ళీ వస్తోంది, వచ్చి ఉండండని మీరే కబురు పెట్టారటగా."

దొడ్డిలో ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం. ఆ ఈగని కూడా తెల్లమ్మ వదిలేసింది.

బుంగడు మెల్లగా లేచి నిలబడ్డాడు. "అంటే పొద్దుట్నుంచి నేను పస్తున్నది ఈయన తమ్ముళ్ళ కోసమా?"

"అలా అనుకోకు నాయనా. అది నిల్వల సంరక్షణ" అన్నారు భూషణం గారు వెనక్కి జరుగుతూ.

ఇక ఆయన పని అయిపోయిందనే అనుకున్నారు అంతా. కానీ బుంగడి దృష్టి ఆయన మీద లేదు. కొండ మీదనుంచి గడ్డి వాసన మోసుకుంటూ గాలి తిరిగింది. బుంగడు ముక్కు పైకెత్తి ఓసారి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు.

"కోపం తర్వాత పడదాం మావా" అన్నాడు. "ముందు ఆకలి."

అని ఎదురుగా ఉన్న ఎండు చొప్పని దాటుకుపోయి వెదురు తడిక మీద ఒళ్ళంతా వాల్చాడు. తడిక ఫెళ్ళున విరిగింది. బుంగడు ముందు, మిగిలిన దొడ్డంతా వెనక, కొండవారకి పరుగు. ఇటు నాయకుడికి కాపలా ఉండాలా, అటు మంద వెనక పోవాలా తేలక జవాను రెండుసార్లు గిరగిరా తిరిగి, చివరికి మంద వెనకే పరిగెత్తాడు. ఆ సందులో భూషణం గారు కలుగులో పడ్డారు.

మస్తానయ్య కర్ర తీసుకుని, ఈశ్వరమ్మ చెంగు దోపుకుని మంద జాడ పట్టుకుని పోయారు. కొండవారకి చేరి చూస్తే, పొద్దుట్నుంచి చచ్చినట్టు పడున్న దున్నలు తలలు వంచి వరసగా మేస్తున్నాయి. అందరికన్నా ముందు బుంగడు. ముదురు గడ్డి వదిలేసి, రాళ్ళ పక్కన పచ్చగా ఉన్నదాన్ని వెతుక్కుంటూ పోతున్నాడు. వాడెటు పోతే మంద అటు పోతోంది.

మస్తానయ్య ఒక బండమీద కూలబడ్డాడు.

"మీ నాన్న ఏ బస్తాలతో మేపాడయ్యా?" అంది ఈశ్వరమ్మ.

"ఆయనకి ఇన్ని దున్నలు లేవే."

"అయితే ఎన్నిటికి గడ్డి ఉందో అన్నే ఉంచు."

ఆ సాయంత్రం వచ్చిన డాక్టరు మేసి వచ్చిన దున్నల్ని చూసి, వీటికేం జబ్బు లేదని నవ్వి వెళ్ళిపోయాడు. తర్వాత మస్తానయ్య దాణా గది తెరిచాడు. ముందు వరస బస్తాలు నిండుగానే ఉన్నాయి. వెనక వరసది ముట్టుకుంటే ఒట్టి గోనె చేతికొచ్చింది. దాని వెనకదీ అంతే. గడ్డపార తెచ్చి నేల తవ్వుతుంటే భూషణం గారూ, కనకాంగీ, తమ్ముళ్ళూ, మరదళ్ళూ ఒకరి తర్వాత ఒకరు బయటపడి చేలగట్లకి అడ్డంపడి పరిగెత్తారు. జవాను పొలిమేర దాకా వాళ్ళని సాగనంపి వచ్చాడు.

తర్వాత రోజులు తేలిగ్గా గడవలేదు. గడ్డికి తగ్గట్టు మందని కుదించాలని మస్తానయ్య కొన్ని దున్నల్ని వచ్చిన ధరకే అమ్మేశాడు. ఆ పొద్దు బుంగడు పక్క తొట్టిలో మూతి పెట్టలేదు. వేసవిలో కొండ మాడిపోయింది. అప్పుడు బుంగడే వాసన పట్టుకుని మందని వాగు ఇసుకలోని తుంగ దగ్గరికి ఒకనాడు, తుమ్మచెట్ల కింద రాలిన కాయల దగ్గరికి ఒకనాడు తీసుకుపోయాడు. అందరూ చిక్కారు గానీ ఎవరూ పడిపోలేదు. వానలు పడ్డాక మళ్ళీ తేరుకున్నారు. ఆ ఏడు సంతలో బేరగాళ్ళు దున్నల వీపుమీద అరచెయ్యి వేసి, తొడ నొక్కి చూసి, ఎక్కువ బేరమాడకుండానే కొనుక్కుపోయారు. ఖర్చులు పోను మస్తానయ్య చేతిలో కాస్త మిగిలింది. పెద్ద మొత్తం కాదు. అయినా టౌనులో వాచ్‌మన్ పని మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

చివరికి బుంగడి వంతు వచ్చింది. మస్తానయ్య పలుపు పట్టుకుని వాడి దగ్గరికి వచ్చాడు. బుంగడు తల వంచుకుని నిలబడ్డాడు. మేతకి పోవలసిన మంద గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు. ముందు నడిచేవాడు లేడు మరి.

"వీణ్ణి అమ్ముకొస్తే, రేపు గడ్డి ఎక్కడుందో నువ్వు వాసన చూసి చెబుతావా?" అంది ఈశ్వరమ్మ గడపలోంచి.

మస్తానయ్య పలుపు కొయ్యకి తగిలించి, లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి గంట తెచ్చి బుంగడి మెడలో కట్టాడు. మందని నడిపే గంట దున్నని ఎవరూ సంతకు తోలరు.

బుంగడు గంటని నాలుకతో నాకి చూశాడు. "ఇది తినేదేనా మావా?"

"కాదురా" అన్నాడు నిదానం. "దీని పుణ్యాన తింటావు."

ఇక భూషణం గారు. ఆయన కుటుంబంతో దుకాణంవాడి గోడౌనుకి పోయారు. అక్కడ ఆయనకన్నా లావుపాటి పెద్దలు ఎప్పట్నుంచో స్థిరపడి ఉన్నారు, ఖాళీ లేదు పొమ్మన్నారు. చేసేది లేక చేలగట్టు మీద దుంపలు తవ్వుకు తింటున్నారు. పొట్ట తగ్గి నడక కాస్త చురుకైంది. ఒకరోజు మంద అటుగా పోతుంటే గట్టెక్కి పిలిచారు.

"బాబూ బుంగా, ఆ సబ్సిడీ మళ్ళీ వస్తుందంటావా? వస్తే గనక మీ తరఫున మాట్లాడ్డానికి నేను సిద్ధం."

బుంగడు నోట్లో ఉన్న గడ్డి నమిలి మింగాకే జవాబిచ్చాడు. "మాట్లాడండి భూషణం గారూ. మీరు మాట్లాడుతున్నంతసేపూ జవాను మీ పక్కనే కూర్చుంటాడు."

భూషణం గారు గట్టు దిగి దుంపలు తవ్వుకోవడంలో పడ్డారు.

నీతి: నీ ఆకలి గురించి నీకన్నా గట్టిగా అరిచేవాడు ఎదురైతే, ముందు వాడి పొట్ట వంక చూడు.