నాలుగో ముద్ద

దర్జీ దస్తగిరికి కూతురి గురించే దిగులు. తొమ్మిదేళ్ల తహసీన్ వయసుకు మించి బరువెక్కింది. పది మెట్లెక్కితే ఆయాసం. బడిలో పిల్లలు పెట్టిన పేరు భరించలేక, కడుపునొప్పి అని చెప్పి వారం రోజులుగా ఇంట్లోనే ఉండిపోతోంది.

"పిల్లను పస్తు పెట్టొద్దు. ఇంటిల్లిపాదీ తిండి మార్చుకోండి, బాగా ఆడుకోనివ్వండి" అని డాక్టరమ్మ చెప్పింది. దస్తగిరి చెవికి బరువన్న మాట ఒక్కటే ఎక్కింది. ఆనాటి నుంచి కూతురు అన్నానికి కూర్చుంటే చాలు, ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. "చాల్లే, ఇంకెంత తింటావు?" అనేవాడు. చుట్టాల ముందూ అదే మాట.

ఒకనాడు దుకాణంలో బట్టల మూటల వెనక నక్కి బిస్కెట్లు తింటూ పిల్ల దొరికిపోయింది. తండ్రిని చూసి, నోట్లోది మింగలేక, ఉమ్మలేక ఏడ్చింది.

మర్నాడు శుక్రవారం. దస్తగిరి గుట్ట కింద ఉండే లతీఫ్ బాబా దగ్గరికి వెళ్లాడు. పదిహేనేళ్లుగా ఆయనకు శిష్యుడు.

"బాబా, పిల్లకొక తాయెత్తు కట్టండి. రంజాన్ సంగతి అటుంచి, వారానికి రెండు రోజాలు అవలీలగా ఉంటాను నేను. నా కడుపున పుట్టిన పిల్లకి నోటిమీద అదుపు లేకపోయె."

"భోజనం వేళైంది, రా" అన్నాడు బాబా.

నమాజు అయ్యాక వచ్చినవాళ్లందరికీ అక్కడే భోజనం. రోజూ ఓ మూల కూర్చునే బాబా ఆవేళ దస్తగిరి ఎదురుగా కూర్చున్నాడు. తాను వడ్డించుకోలేదు. శిష్యుడి చేతినే చూస్తున్నాడు.

"ఒకటి" అన్నాడు మొదటి ముద్దకి.

దస్తగిరి నవ్వాడు.

"రెండు."

పక్కవాళ్లు తలలు తిప్పారు.

"అబ్బో, అంత పెద్ద ముద్దే!" అన్నాడు మూడోదానికి.

దస్తగిరి చెవులు వేడెక్కాయి. నాలుగో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. విస్తరి మడిచేశాడు.

"కడుపు నిండిందా?"

"లేదు బాబా."

"మరి?"

 మూటల వెనక తడిసిన ఆ చిన్న మొహం దస్తగిరి కళ్ల ముందు కదిలింది.

బాబా కొత్త విస్తరి తెచ్చి పరిచాడు. తన చేత్తోనే అన్నం, పప్పు వడ్డించి, అతను తినేదాకా అటు తిరిగి కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం అన్నాడు: "గుట్ట మీద మొక్కలు నాటించాను. పొద్దున్నే నీళ్లు మొయ్యాలి. నువ్వూ, పిల్లా రండి."

ప్రతి పొద్దునా వెళ్లారు. తహసీన్ చేతిలో చిన్న చెంబు, అతని భుజాన బిందె. ఇంట్లో అతని భార్య చాంద్‌బీ రాగి సంకటి, ఆకుకూర మొదలుపెట్టింది, అందరికీ ఒకటే. దస్తగిరి టీలోకి బిస్కెట్లు కొనడం మానేశాడు. కూతురు తింటుంటే నోరు మూసుకుని తన కంచం వైపు చూసుకునేవాడు. ఇన్నేళ్ల రోజాలన్నింటి కన్నా అదే కష్టమైంది అతనికి.

వానాకాలం వెళ్లిపోయింది. పిల్ల బరువు తగ్గిందేమీ లేదు, పెరగనూ లేదు. కానీ పొడుగు సాగింది. "ఇంతే కావాల్సింది" అంది డాక్టరమ్మ. బడిలో ఒకరిద్దరు ఇంకా ఆ పేరుతో పిలుస్తున్నారట. అయినా వెళుతోంది, ఆడుతోంది. ఒకరోజు తండ్రి మొహం చూడకుండానే "అమ్మా, ఇంకాస్త సంకటి" అని అడిగింది. ఆ మాటకే దస్తగిరి కళ్లు చెమ్మగిల్లాయి.

బాబాకి ఒక కుర్తా కుట్టి, ఆయన గుట్ట మీద ఉన్నాడని తెలిసి పొద్దున్నే బయల్దేరాడు. తహసీన్ ముందు నడుస్తోంది. మిషన్ తొక్కి తొక్కి అరిగిన మోకాళ్లు ఆవేళ సగం దారిలో మొరాయించాయి. బండ మీద చతికిలబడ్డాడు. పిల్ల వెనక్కి చూసి ఆగింది.

"మెల్లగా రా అబ్బాజాన్. నేనిక్కడే ఉంటా."

పైకి చేరాక కుర్తా బాబా చేతుల్లో పెట్టి, "నా బిడ్డని నాకు దక్కించారు. మీకు ఎలా చెప్పుకోను బాబా, శుక్రియా..." అన్నాడు.

పైనుంచి అంతా చూసిన బాబా కుర్తా కళ్లకద్దుకున్నాడు. చెంబుతో మొక్కకి నీళ్లు పోస్తున్న పిల్లవైపు చూపించాడు.

"దారిలో నీకోసం ఆగింది నేను కాదుగా" అన్నాడు.

దస్తగిరి కూతురి వైపు నడిచాడు.