ఏడు రంధ్రాల పేజీ

"విషయసూచిక పేజీని అసలు ఎవరు చదువుతారు మాస్టారూ?" అని కిరీటి అడిగాడు. అడగటంలో కాస్త గర్వం ఉంది. ఆ నెల 'నాదవీథి' సంచిక అప్పుడే అచ్చయి వచ్చింది. విజయవాడలో కాలవ ఒడ్డున ఒక పాత మేడ మీది నుంచి వెలువడే సంగీత మాసపత్రిక అది. ఏ వ్యాసం ఎక్కడ మొదలవ్వాలి, బొమ్మ ఎంత ఉండాలి, అక్షరం ఎంత ఉండాలి అని దాని పేజీలన్నీ తీర్చిదిద్దేది మంగిపూడి సదాశివం మాస్టారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాడు కిరీటి. మాస్టారు కూతురి పురిటికని రాజమండ్రి వెళ్ళటంతో ఆ సంచిక మొదటిసారిగా పూర్తిగా కిరీటి చేతుల మీదుగా సాగింది. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చోగానే సంచిక తెరిచి, విషయసూచిక ఉన్న పేజీని ఆయన ముందు పరిచాడు.

నాదస్వరం మీద ప్రత్యేక సంచిక అది. పేజీ నిండా ఒకే ఒక్క ఫొటో. నల్లటి చీకట్లోంచి సన్నాయి నిలువునా దిగి వస్తున్నట్టుంది. వేళ్ళు ఆడే రంధ్రాలు ఏడూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో పుట సంఖ్య, దాని పక్కన వ్యాసం పేరు, ఎవరి గురించి రాశారో వారి పేరు. చూడటానికి నిజంగానే బాగుంది. సంపాదకులు మెచ్చుకున్నారు. హైదరాబాదులో కిరీటితో చదువుకున్నవాళ్ళు ఆ పేజీని ఫోనుల్లో ఒకరికొకరు పంపుకున్నారు. ఇక మిగిలింది మాస్టారి నోటివెంట ఒక మంచి మాట.

మాస్టారు పేజీని చాలాసేపు చూశారు. తర్వాత అట్టడుగున, ఫొటో అంచు దగ్గర, బూడిదరంగులో చీమల బారులా ఉన్న ఒక వరుస మీద వేలు పెట్టారు. 'ఇంకా మరికొన్ని శీర్షికలు' అని ఉందక్కడ.

"ఇదేమిటి?"

"వ్యాసాలు ఎనిమిది వచ్చాయి మాస్టారూ. సన్నాయికి రంధ్రాలు ఏడే. ఒకటి మిగిలిపోయింది. పక్కవాద్యం మీదది కదా అని కిందికి దింపాను. లోపల పూర్తిగానే ఉంది. పేజీలు తిప్పుతుంటే అదే కనిపిస్తుంది. ఈ పేజీ దగ్గర ఎవరు ఆగుతారు చెప్పండి? అందంగా ఉంటే చాలదా?"

సదాశివం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రావటం ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళెవరూ ఎరగరు. ఆయన సంచికలు నాలుగు తీసి సంచిలో పెట్టుకున్నారు. "రేపు పొద్దున్న చీరాల వైపు వెళ్ళాలి. ఆ మిగిలిపోయిన వ్యాసం ఎవరి గురించో, ఆయనకి పత్రిక ఇచ్చి రావాలి. నువ్వూ రా," అన్నారు. మెచ్చుకోలు దొరకలేదని కిరీటి మనసులో కొంచెం ముడుచుకున్నాడు.

రైలు దిగి, ఆటోలో సముద్రం వైపు కొంత దూరం పోతే ఆ పల్లె వస్తుంది. షేక్ ఖాసిం సాహెబ్ గారి ఇల్లు మసీదు వెనక సందులో. ఆయన డోలు విద్వాంసులు. వెంకటనరసు గారని ఒక పేరున్న నాదస్వర విద్వాంసుడి పక్కన జీవితమంతా డోలు వాయించారు. పెళ్ళిళ్ళు, కల్యాణోత్సవాలు, రేడియో కచేరీలు, ఎక్కడికి వెళ్ళినా గోడకంటించిన కాగితం మీద 'వెంకటనరసు బృందం' అని ఉండేది. ఆ 'బృందం' అన్న మాట వెనక ఉన్నది ఖాసిం సాహెబే. వెంకటనరసు గారు పోయాక ఆయన డోలు కిందికి దించేశారు. ఇప్పుడు కంటిచూపు తగ్గింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఆయన మీద ఎవరైనా ఒక వ్యాసం రాయటం, అందులో ఆయనొక్కరే ఉండటం ఇదే మొదలు.

ఈ సంగతులన్నీ ఆటోలో మాస్టారు చెప్పగా కిరీటి విన్నాడు. వ్యాసంలోనూ ఇవే ఉన్నాయన్నారాయన. కిరీటి ఆ వ్యాసానికి ఎన్ని పేజీలు పడతాయో చూశాడు గాని చదవలేదు.

సంపాదకులు ముందే ఫోను చేసి వ్యాసం ఈ నెలలో వస్తుందని చెప్పి ఉన్నారు. అందుకని ఇల్లు పండగ ఇల్లులా ఉంది. ఖాసిం సాహెబ్ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని మంచం మీద కూర్చున్నారు. ఆయన భార్య మీరాబీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కూతురు షాహిదా ఊరి బడిలో టీచరు. ఆ పూట సెలవు పెట్టింది. ఇరుగుపొరుగు వాళ్ళు కూడా కొందరు వచ్చి చాప మీద సర్దుకుని కూర్చున్నారు. మాస్టారిని చూడగానే ఖాసిం సాహెబ్ లేచి నిలబడబోయారు. మాస్టారు భుజం పట్టి కూర్చోబెట్టి, పత్రిక ఆయన చేతుల్లో పెట్టారు.

"వీడు కిరీటి. మా పత్రికలో పనిచేస్తాడు," అన్నారు.

"రండి బాబూ, కూర్చోండి. ఎండలో పడి వచ్చారు," అంటూ ఖాసిం సాహెబ్ పత్రికను ఒకసారి తడిమి చూసుకుని కూతురికి అందించారు. "నువ్వు చదువమ్మా. నాకు అక్షరాలు ఆనటం లేదు."

షాహిదా అట్ట తిప్పింది. విషయసూచిక పేజీ వచ్చింది. చాప మీది వాళ్ళు ముందుకు వంగారు. ఆవిడ బళ్ళో పాఠం చదివినట్టు గొంతు సరిచేసుకుని, పైనుంచి ఒక్కొక్క పేరూ చదవటం మొదలుపెట్టింది. ఒక్కో విద్వాంసుడి పేరు వినగానే ఖాసిం సాహెబ్ తల ఊపుతున్నారు. "ఆయన తోడి రాగం మహాద్భుతంగా వాయించేవాడు," అన్నారు ఒకచోట. "ఈయన పక్కన నేను గుంటూరులో వాయించాను," అన్నారు ఇంకోచోట. షాహిదా చివరి రంధ్రం దాకా వచ్చింది. ఆగింది. కింద ఏమైనా ఉందేమోనని వెతికింది. మళ్ళీ పైకి వెళ్ళి, ఈసారి బయటికి వినపడకుండా, పెదవులు మాత్రం కదుపుతూ చదువుకుంది.

కిరీటి ఎదురుచూశాడు. ఆవిడ పేజీలు తిప్పుతుంది, లోపల వ్యాసం కనిపిస్తుంది, అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. ఆవిడ తిప్పలేదు. చాప మీంచి ఒక పెద్దాయన పత్రిక అందుకుని, అదే పేజీ మీద వేలు పెట్టి వెతికి, పక్కవాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళూ తిప్పలేదు. పత్రికలో ఏముందో చెప్పటానికే ఆ పేజీ ఉన్నప్పుడు, అందులో లేనిది లోపల ఉంటుందని వాళ్ళెవరికీ తోచలేదు.

"ఇంకోసారి చూడవే," అంది మీరాబీ.

"చూశానమ్మా."

మాస్టారు టీ గ్లాసు చేతిలో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన ఒక్క మాట చెబితే అయిపోతుంది. చెప్పలేదు. చెప్పవలసింది తనేనని కిరీటికి తెలుసు. చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. ఎవరో ఒకరు ఎలాగైనా ఆ పేజీ తిప్పేస్తే బాగుండునని కూర్చున్నాడు. అలా కూర్చున్నంతసేపూ ఆ ఇంటివాళ్ళ మొహాల మీది వెలుగు కొంచెం కొంచెం తగ్గిపోవటం చూస్తూనే ఉన్నాడు.

ఖాసిం సాహెబే తేరుకున్నారు. "దానిదేముంది. చోటు చాలక ఆపి ఉంటారు. వచ్చే నెల వేస్తారు. మాస్టారు గారు ఇంత దూరం వచ్చారు, అదే నాకు పెద్ద గౌరవం. ఏమే, పలహారం ఏదైనా పెట్టు," అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు వచ్చినవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని తెచ్చుకున్నదని అక్కడున్న అందరికీ తెలుస్తూనే ఉంది.

అప్పుడు కిరీటి లేచాడు. పత్రిక ఎవరి చేతిలో ఉందో వాళ్ళ దగ్గర తీసుకుని, పేజీలు తిప్పి, వ్యాసం ఉన్నచోట తెరిచి షాహిదాకి ఇచ్చాడు. డోలు ఒళ్ళో పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి నవ్వుతున్న ఖాసిం సాహెబ్ ఫొటో కనిపించింది. ఇల్లంతా ఒక్కసారి కదిలింది. మీరాబీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. షాహిదా మొదటి నుంచి చివరిదాకా చదివింది. మధ్యలో ఒకచోట వెంకటనరసు గారి మాట ఉంది: ఖాసిం పక్కన లేనిరోజు నా ఊపిరి ఎక్కడ ఆపాలో నాకే తెలియదు అని. అది విని ఖాసిం సాహెబ్ మొహం పక్కకి తిప్పుకున్నారు. కిరీటి కూడా ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాడు. అన్ని వ్యాసాల్లోకీ మంచి వ్యాసం అది.

చదవటం అయ్యాక షాహిదా మళ్ళీ మొదటికి వచ్చింది. తప్పు పట్టాలని కాదు. అర్థం కాక, పిల్లలు పాఠంలో సందేహం అడిగినట్టే అడిగింది. "మరి ఈ పేజీలో నాన్న పేరు ఎందుకు లేదండీ?"

"మీరాబీ ఈ పేర్ల పేజీనే పటం కట్టిద్దామనుకుంది," అన్నాడు చాప మీది పెద్దాయన. "అంత పెద్దవాళ్ళ పేర్ల మధ్య మా ఖాసిం పేరు ఉంటుంది కదా అని."

కిరీటికి చెవులు వేడెక్కాయి. "ఆ పేజీ నేను చేసిందేనండి," అన్నాడు. తర్వాత ఏమనాలో తెలియక, ఆఫీసులో చెప్పిన మాటే నోటికొచ్చింది. "వ్యాసాలు ఎనిమిది. సన్నాయికి రంధ్రాలు ఏడే ఉన్నాయండి."

అంటూండగానే ఆ మాట తనకే ఎలాగో వినపడింది. ఈ ఇంట్లో, ఈయన ముందు.

ఖాసిం సాహెబ్ మెల్లగా తల ఊపారు. "నిజమే కదమ్మా," అన్నారు కూతురితో. "సన్నాయికి ఉన్నవి ఏడే. డోలుకి అందులో చోటెక్కడిది?" అని కిరీటి వైపు తిరిగి, ఆ పేజీని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "బొమ్మ చాలా బాగా వచ్చింది బాబూ. మా నరసన్న సన్నాయి కూడా ఇలాగే నల్లగా మెరిసేది. మీ చేతిలో పనితనం ఉంది."

తిట్టి ఉంటే కిరీటి తట్టుకునేవాడు. ఆ మెచ్చుకోలు విని తల ఎత్తలేకపోయాడు. మీరాబీ పళ్ళెంలో పెట్టి ఇచ్చిన సేమ్యా పాయసం సగం అలాగే వదిలేశాడు. బయల్దేరేటప్పుడు ఖాసిం సాహెబ్ అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ రమ్మన్నారు. సందు మలుపు తిరిగేదాకా కిరీటి వెనక్కి చూడలేదు. వాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుంటారని తెలుసు.

తిరుగు రైల్లో బాపట్ల దాటాక కిరీటి అన్నాడు: "మాస్టారూ, ఆ పేజీ మళ్ళీ చేస్తాను. ఆయన పేరు అందరికంటే పైన పెట్టి, ఒక్క కాపీ మంచి కాగితం మీద వేయించి, నేనే పటం కట్టించి పంపుతాను."

"పంపు. చూసి ఆయన సంతోషిస్తాడు. నీ గుండె తేలికపడుతుంది," అన్నారు మాస్టారు. "సంచిక మాత్రం ఊళ్ళన్నిటా అలాగే ఉంటుంది."

కిరీటి ఆ ఆలోచన మానుకున్నాడు. మరుసటి నెల విషయసూచికను తెల్ల కాగితం మీద మామూలు వరుసల్లో చేశాడు. పాడినవారి పేరు ఏ అక్షరాల్లో ఉందో, పక్కన వాయించినవారి పేరూ అవే అక్షరాల్లో పెట్టాడు. అన్నిటికంటే పైన ఒక చిన్న ప్రకటన రాశాడు. పోయిన సంచికలో డోలు విద్వాంసులు షేక్ ఖాసిం సాహెబ్ గారి మీద వ్యాసం ఉందనీ, విషయసూచికలో వారి పేరు లేదనీ, ఆ వ్యాసం చదవకుండానే పేరు తీసేసింది తనేననీ. కింద తన పేరు వేసుకున్నాడు.

సంపాదకులకు అది నచ్చలేదు. "పొరపాటున తప్పిపోయిందని వేస్తే సరిపోదా? పత్రిక పరువు ఏం కావాలి?" అన్నారు.

"తప్పిపోలేదండీ. నేనే తీసేశాను," అన్నాడు కిరీటి. ఆయన సదాశివం మాస్టారి వైపు చూశారు. మాస్టారు తలెత్తకుండా తన పని తాను చేసుకుంటున్నారు. చివరికి ప్రకటన అలాగే అచ్చయింది.

సంచిక చేరిన రోజు ఖాసిం సాహెబ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "బాబూ, మీ పేరెందుకు వేసుకున్నారు? ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా? నా మూలంగా మీకు మాట రాకూడదు," అన్నారు. ఆ గొంతులో నిజమైన కంగారు ఉంది. లేదండీ అని మాత్రం అనగలిగాడు కిరీటి. ఇంట్లో చివరికి ఏ పేజీ పటం కట్టించారో అడగాలనిపించింది. అడగటానికి మొహం చెల్లలేదు.

ఫోను పెట్టేసి వచ్చి మాస్టారి బల్ల ఎదురుగా నిలబడ్డాడు. మనసులో నెల రోజులుగా నలుగుతున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"ఆ రోజు ఇక్కడే, నువ్వు చేసింది తప్పు అని ఒక్క మాట చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా మాస్టారూ. అంత దూరం తీసుకెళ్ళి, వాళ్ళందరి ముందూ ఎందుకు కూర్చోబెట్టారు?"

సదాశివం మాస్టారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"చెబితే వచ్చే నెల పేజీ మాత్రమే మారేది," అన్నారు.