కంచరగెడ్డ దాటించిన దాలప్ప కేక

కొండలకి పేర్లు పెట్టడం ఇంకా పూర్తికాని రోజుల్లో, దారులు ఎటు పోవాలో ఇంకా తేల్చుకోని రోజుల్లో, కంచరగెడ్డ అని ఒక గెడ్డ ఉండేది. గెడ్డంటే ఆ వైపు వాగు. అయితే అది వాగులా పారేది కాదు, అత్తారింట్లో అలిగి పుట్టింటికి పోతున్న కోడల్లా విసవిసా పోయేది. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, ఏడాది పొడుగునా అదే హోరు. దిగినవాడు అవతలి గట్టు ఎక్కిన దాఖలా లేదు. అటు వెళ్లాలంటే కొండ చుట్టూ తిరిగి, గెడ్డ పుట్టినచోట దాటి, మళ్లీ దిగి రావాలి. వేసవిలో బుధవారం బయల్దేరినవాడు మళ్లీ బుధవారానికి చేరేవాడు. వానల్లో అసలు బయల్దేరేవాడే కాదు.

గెడ్డకి ఇవతల నేరేడువలస. అది పల్లపు ఊరు. అక్కడ ఉప్పుంది, ధాన్యముంది, కుండలున్నాయి. అవతల చింతలగూడ. అది కొండ ఊరు. అక్కడ పసుపుంది, చింతపండుంది, అల్లముంది. వానాకాలమంతా ఇవతలివాళ్లు పులుపు లేని పులుసు తాగేవారు. అవతలివాళ్లు ఉప్పు లేని గంజి తాగేవారు. రెండూళ్ల పొయ్యిల పొగ పైన ఆకాశంలో కలిసేది గానీ కింద మనుషులు కలవడానికి దారి లేదు.

ఆ నేరేడువలసలో దాలమ్మ అని మేకలు కాసుకునే మనిషి ఉండేది. ఆమెకి ఆస్తి లేదు, అందం లేదు, గొంతుంది. పుట్టగానే ఏడ్చిన మొదటి ఏడుపుకే మంత్రసాని చేతిలో కత్తి పడేసి బయటికి పరిగెత్తిందంటారు. పెళ్లిచూపులనాడు తల్లి ఆమె నోట్లో పెద్ద బెల్లం గడ్డ పెట్టి, అది కరిగేదాకా మాట్లాడొద్దంది. గడ్డ కరిగేలోపు సంబంధం కుదిరిపోయింది. మొగుడి పేరు సన్నాసి, నెమ్మదస్తుడు. ఆమె ఇంట్లో మాట్లాడితే అతను పొలంలోంచే ఊ కొట్టేవాడు. అతను బతికున్నన్నాళ్లూ ఆ కాపురం చల్లగా సాగింది.

గొంతుకి తగ్గ చెవి కూడా ఉండేది ఆమెకి. గెడ్డ హోరులో తప్పిపోయిన మేకపిల్ల మెడలో గంట కోసం వినీ వినీ ఆ చెవి పదునెక్కింది. అవతలి గట్టు మీద ఎవరైనా నోటికి చేతులు అడ్డం పెట్టి అరిస్తే నేరేడువలసలో ఇంకెవరికీ వినపడదు, దాలమ్మకి ముక్క పొల్లుపోకుండా వినపడేది. పైగా ఆమె పుట్టిల్లు చింతలగూడ. కొండ మాటా వచ్చు, పల్లపు మాటా వచ్చు. రెండూ వచ్చినవాళ్లు ఇవతల ఇంకెవరూ లేరు.

అందుకని ఇటు కబురు అటు, అటు కబురు ఇటు ఆమే చెప్పేది. గెడ్డలోకి పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. దాని మీద నిలబడి, కొంగు నడుముకి దోపి, కేక పెట్టేది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, పసుపు ఎలా పండింది, ఉప్పు ఎప్పుడొస్తుంది. కబురు పంపినవాళ్లు ఇంత ఉప్పో ఇన్ని గింజలో ఇచ్చేవారు. చుట్టరికం ఉన్నా లేకపోయినా రెండూళ్లవాళ్లూ ఆమెని దాలప్పా అనే పిలిచేవారు. అప్పంటే ఆ వైపు అక్క.

దాలప్పకి ఒక్కతే కూతురు, బంగారి. మేనరికం వదులుకోకూడదని పిల్లని చింతలగూడలో ఉన్న అన్న కొడుక్కే ఇచ్చింది. ఒక వానాకాలం కబురొచ్చింది, బంగారికి ఆడపిల్ల పుట్టిందని. దాలప్ప ఒక్క పరుగున బండ ఎక్కింది. మనవరాలిని ఎత్తుకునే దారి లేదు కదా, కనీసం జోల పాడదామనుకుంది. ఆ పూట పాడింది. మర్నాడు పాడింది. ఆ మర్నాడు కూడా పాడింది. అప్పుడు అల్లుడు అవతలి గట్టు మీదికొచ్చి, చాలాసేపు తటపటాయించి, మర్యాదగానే అరిచాడు.

"అత్తా, నువ్వు పాడనంతసేపూ పిల్ల పడుకునే ఉంటంది."

దాలప్ప బండ మీద చతికిలబడింది. వేసవి వచ్చినా కొండ చుట్టూ నడవడానికి మోకాళ్లు సహకరించవు. బంగారి పాలు తాగే పిల్లని వేసుకుని అంత దూరం రాలేదు. ఈ జన్మకి మనవరాలి మొహం చూడనేమో అనిపించింది. చీకటిపడేలోపు మేకల్ని తోలుకుని ఇంటికెళ్లింది. తెల్లారి లేచి, అబద్ధం ఆడడం మొదలుపెట్టింది.

నేరేడువలస పెద్ద చిన్నంనాయుడు. ఊళ్లో ఉప్పు కొట్టు ఆయనదే. వానొస్తే ఉప్పు చెమర్చి గోడల వెంట కారిపోయేది. చింతలగూడ పెద్ద బుచ్చన్నదొర. వానొస్తే ఆయన గాదెలో పసుపుకి పురుగు పట్టేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. చూడకపోయినా పడేది కాదు.

దాలప్ప నాయుడి దగ్గరికెళ్లి, గెడ్డ మీద వంతెన కడదామని కొండ దొర బతిమాలుకుంటున్నాడని చెప్పింది. బండెక్కి, వంతెన కడదామని నాయుడు బతిమాలుకుంటున్నాడని దొరకి చెప్పింది. అవతలివాడే బతిమాలాడని ఇద్దరికీ చాలా బావుంది. ఇద్దరూ సరేనన్నారు.

కేక పడేటప్పుడు చెవులు కాపాడుకోవాలి గనక నాయుడు తలగుడ్డ చెవుల మీదుగా బిగించి బండ దగ్గరికొచ్చాడు. ఆ కొండ ఎలుగుబంటికి మానులు నరకడం తప్ప ఇంకేం రాదు కదా, ఆ పనైనా సరిగ్గా చెయ్యమని చెప్పు, అన్నాడు. దాలప్ప కొంగు దోపింది. దొరగారూ, మీ మద్ది మానుల్లాంటివి ఈ భూమ్మీద లేవని మా నాయుడు పొగుడుతున్నాడు, అవి వేస్తే వంతెన మునిమనవల కాలందాకా ఉంటుందట, అని కొండ మాటలో కేక పెట్టింది. నాయుడు తలగుడ్డ కొంచెం ఎత్తాడు.

"నాను రెండు ముక్కలన్నాను. అంత పొడుగెందుకైందే?"

"కొండ మాటలో మర్యాదలు ఎక్కువ బాబూ."

అవతలినించి దొర జవాబు అరిచాడు. ఆ ఉప్పు పిసినారి ఇంట్లో కూర్చుని గింజలు లెక్కపెట్టుకోవడం మాని రాళ్లు మొయ్యమను, అన్నాడు. మీ చెయ్యి పడ్డ రాయి వెయ్యేళ్లు కదలదట బాబూ, రాళ్ల పని మీరైతేనే బావుంటుందట, అని దాలప్ప నాయుడికి చెప్పింది. నాయుడు మీసం సవరించుకున్నాడు.

గెడ్డ నడుమ ఏనుగంత బండలు రెండున్నాయి. ఇవతలి బండదాకా రాతికట్టు నేరేడువలసది. అవతలి గట్టు నుంచి ఆ బండదాకా మానులు చింతలగూడవి. పని మొదలైంది.

తర్వాత వెడల్పు దగ్గర వచ్చింది తగువు. నాయుడికి రెండు బళ్లు ఎదురెదురుగా పోవాలి. ఆ దొర జన్మలో బండి చూశాడా, వాడికేం తెలుసు, అన్నాడు. దొరకి మనిషి నడిస్తే చాలు. ఆ నాయుడికి రెండు అడుగులు నడిచే ఓపిక లేక బండి అంటున్నాడు, అన్నాడు. దాలప్ప కాసేపు తన మేకల వైపు చూసింది. ఒక బండి, పక్కన ఒక మేక పట్టాలని దొర పట్టుబడుతున్నాడని నాయుడికి చెప్పింది. ఒక బండి, పక్కన ఒక మేక పట్టాలని నాయుడు పట్టుబడుతున్నాడని దొరకి చెప్పింది. మేక ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. అడిగితే తెలివితక్కువవాళ్లమనుకుంటారని ఇద్దరూ అడగలేదు. నాయుడు మాత్రం మళ్లీ తలగుడ్డ ఎత్తి, నాను రెండు ముక్కలన్నాను కదా అన్నాడు. కొండ మాటలో మర్యాదలు ఎక్కువ బాబూ, అంది దాలప్ప.

ఇక మూడోది పేరు. వంతెనకి మా అయ్య పేరు పెట్టాలి, లేకపోతే రాయి మీద రాయి ఉండనివ్వను, అన్నాడు నాయుడు. మా మామ్మ పేరు పెట్టాలి, లేకపోతే మానులన్నీ గెడ్డలో తోసేస్తాను, అన్నాడు దొర. ఇక్కడ బండీ మేకా కుదిరే దారి లేదు. దాలప్ప కొంగు దోపింది. దొర ఒప్పుకున్నాడని నాయుడికి చెప్పింది. నాయుడు ఒప్పుకున్నాడని దొరకి చెప్పింది. ఈసారి నాయుడే, మర్యాదలు ఎక్కువ, తెలుసులే, అని తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు.

వంతెన పెరుగుతూ వచ్చింది. ఇరుగమ్మలు దాలప్పని చుట్టుకుని, వంతెన పడితే ఇంక నీ కేకతో ఎవరికి పనప్పా, నీ గంజెలా గడుస్తుంది, అని అడిగారు. ఆ సంగతి ఆమెకి తోచనే లేదు. ఆ రోజంతా మేకల వెనక అదే తలుచుకుంటూ తిరిగింది. దొంగ కబురు బయటపడితే రెండూళ్లవాళ్లూ కలిసి గెడ్డలో తోస్తారన్న భయం ఒకటి. మర్నాడు మామూలుగానే బండెక్కి, వానలు దగ్గరపడ్డాయి, ఆఖరి మానులు తొందరగా వెయ్యండి, అని అవతలికి కేక పెట్టింది.

వేశారు. అటు డప్పులు, ఇటు డప్పులు. రెండూళ్లూ రెండు వైపుల నుంచి వంతెన ఎక్కాయి. నాయుడు తండ్రి పేరు చెక్కించిన రాయి మోయించుకొచ్చాడు. దొర మామ్మ బొమ్మ చెక్కిన మాను మోయించుకొచ్చాడు. నట్టనడుమ ఎదురుపడ్డారు. నాయుడు మానుని చూశాడు. దొర రాయిని చూశాడు. తర్వాత ఇద్దరూ మేకని పట్టుకుని నిలబడ్డ దాలప్పని చూశారు.

"నాను సెప్పమన్నదేటి, నువ్వు సెప్పిందేటి?" అన్నాడు నాయుడు. దొర కూడా తన మాటలో అదే అడిగాడు.

తప్పించుకునే దారి లేదు. దాలప్ప కొంగు దోపి మొదటి రోజు నుంచీ అంతా చెప్పేసింది. ఎవరు ఏమన్నారో, తను ఏమని మార్చిందో, ఒకసారి కొండ మాటలో, ఒకసారి పల్లపు మాటలో, ఉన్న గొంతంతా పెట్టి చెప్పింది. ఎలుగుబంటి అన్నచోట చింతలగూడ గట్టు మీద ఒక ముసలాయన ఫక్కున నవ్వాడు. ఉప్పు పిసినారి అన్నచోట నేరేడువలస మొత్తం నవ్వింది. తమ పెద్దని ఆ మాట అనాలని వాళ్లకి ఎన్నాళ్లుగానో ఉంది, ధైర్యం లేక ఊరుకున్నారంతే. చివరికి ఆమె గొంతు తగ్గించి, "నా మనవరాలి మొహం సూడాల బాబూ. అందుకే ఆడినాను," అంది. ఆ తగ్గించిన గొంతు కూడా రెండు గట్లకీ వినపడింది.

నాయుడికి కోపం నషాళానికంటింది. రాళ్లు పీకించేస్తానని వెనక్కి తిరిగాడు. దొర మానులు తోయించేస్తానని వెనక్కి తిరిగాడు. తిరిగితే పోవడానికి దారేది? వెనక ఉప్పు గంపల ఆడవాళ్లు, ముందు పసుపు గంపల ఆడవాళ్లు. పెద్దల తగువు తేలేదాకా ఖాళీగా ఎందుకని వాళ్లు వంతెన మీదే గంపలు దించి కూర్చున్నారు. మాట రాకపోయినా వేళ్లు చూపించుకుని బేరాలు మొదలుపెట్టేశారు. ఉన్నదేమో ఒక బండి వెడల్పు. పెద్దలిద్దరూ అటు కదల్లేరు, ఇటు కదల్లేరు. ఆ పొద్దంతా ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ఆకలేసింది. దొర మనుషులు పనసతొనలు అందించారు. దొర ఒకటి తిని, ఇంకోటి నాయుడి వైపు చాచాడు. నాయుడు కాసేపు బిగుసుకుని, తర్వాత తీసుకున్నాడు. పేరు సంగతి ఆ రోజు తేల్లేదు, ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

దాలప్ప మటుకు మేక పట్టే సందులోంచి మేకతో సహా అవతలికి జారుకుంది. బంగారి పిల్లని ఒళ్లో పెట్టింది. పిల్ల బెదిరిపోతుందని దాలప్ప గొంతు విప్పలేదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా పిలిచింది. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది. ఇంతలో మేక ఎవరి అల్లం మడిలోనో దూరింది. దాలప్ప అలవాటు కొద్దీ ఒక్క కేక వేసింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి, అప్పుడే మొలిచిన రెండు పళ్లతో నవ్వి, రెండు చేతులూ చాచింది. ఆ గొంతు దానికి ఎప్పటి నుంచో తెలుసు.

దాలప్ప గంజికి లోటు రాలేదు. ఎదురుపడే దారి ఏర్పడ్డాక రెండూళ్లకీ తగవులు రెట్టింపయ్యాయి. ఉప్పు తడిసిందని ఒకరు, పసుపు పుచ్చిందని ఇంకొకరు. నువ్వే ఏదో ఒకటి సర్ది చెప్పప్పా, అని అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. వంతెన నడుమ కూర్చుని చెప్పేది. ముసలితనంలో ఆ గొంతు సన్నబడి సన్నబడి మామూలు మనుషుల గొంతంత అయింది. ఒక వానాకాలం ఆమె పోయింది.

అప్పుడు తగువొచ్చింది. మా ఊరి కోడలు, మా గట్టు మీదే దహనం అన్నాడు నాయుడు. మా ఆడపడుచు, మా గట్టు మీదే అన్నాడు దొర. సర్ది చెప్పే మనిషేమో పాడె మీద ఉంది. రెండూళ్లూ వానలో తడుస్తూ నిలబడ్డాయి. చాలాసేపటికి నాయుడు గొంతు సవరించుకుని, వచ్చీరాని కొండ మాటలో, మీ అడివి కట్టెలంత మంచివి ఇంకెక్కడా లేవంట, అన్నాడు. ఎవరో చెప్పి పంపినట్టు చివర ఆ 'అంట' చేర్చాడు. దొర కళ్లు తుడుచుకుని, సంతలో నేర్చిన పల్లపు మాటలో, మీ గట్టు మట్టి మెత్తనంట, అన్నాడు. కట్టెలు అటు నుంచి వచ్చాయి. చోటు ఇటు ఇచ్చారు.

ఆ పాత వంతెన ఎన్నడో పోయి సిమెంటు వంతెన వచ్చింది. బస్సులు పోతున్నాయి, లారీలు పోతున్నాయి. దాన్ని అందరూ అప్ప వంతెన అనే అంటారు. దాలప్ప ఆనాడు వంతెన మీద చెప్పినట్టు ఉన్నదున్నట్టు చెప్పే మాటని వంతెనమాట అంటారు, మెత్తగా మార్చి చెప్పేదాన్ని అప్పమాట అంటారు. ఎవరైనా కబురు పట్టుకొస్తే, ఫోనులో అయినా సరే, ఏ మాట కావాలో ముందు అడిగి గానీ చెప్పరు. మొన్నీమధ్య ఒక పెళ్లిళ్ల పేరయ్య మగపెళ్లివారి కబురు తెచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చుని, ఏ మాట చెప్పమంటారు బాబూ అని అడిగాడట. ఆడపిల్ల తండ్రి మంచినీళ్ల చెంబు అందిస్తూ చెప్పాడట.

"అప్పమాటే సెప్పు. వంతెనమాట పెళ్లయ్యాక వాళ్లే సెప్తారు."

గెడ్డ హోరు అక్కడే ఉంది, కథ ఇక్కడిదాకా వచ్చింది. విన్నవాళ్లు ఇంటికి పోయి మెత్తగా చెప్పుకోండి.